శత్రు సైనికుడి గొంగడి

అల్ అజీజియా, అల్ ఖోబర్
అక్టోబర్ 1997

స్వర్ణక్కకు,

ఉత్తరం మొదట్లో క్షేమం అని రాయాలని బడిలో నేర్పారు. ఒంటికి క్షేమమే. మనసు మాత్రం వారం రోజులుగా మండుతోంది. ఆ మంట తీరేలా ఎవరినైనా తిడదామంటే ఈ దేశంలో తిట్టించుకునే వాడు ఒక్కడూ దొరకడు, అందుకే నీకు రాస్తున్నాను.

పోయిన వారం మా కంపెనీ నన్ను ఏసీలు బిగించడానికి మిల్హాకు పంపింది. బావ పనిచేసిన మిల్హాకే. సరిహద్దుకు ఇవతల, సముద్రం ఒడ్డున చిన్న ఊరు. బావ నీళ్ల మోటారు చూసుకుంటూ మిద్దె మీద గదిలో పడుకునే బలదియా, అంటే మన మున్సిపాలిటీ ఆఫీసు లాంటిది, ఆరేడేళ్ల కిందటి లడాయిలో గుండ్లు తగిలి సగం కూలిందని నీకు చెప్పాను కదా. దాన్ని మళ్లీ నిలబెట్టారు. ఆ ఊళ్లో పెట్రోలు పడకముందు కట్టిన బిల్డింగట. ఇప్పుడు ఆఫీసు వేరే చోటికి పోయింది, ఇది జనం వచ్చి చూసిపోవడానికి.

చూడాలి అక్కా, ఎంత పట్టుదలగా కట్టారో. సముద్రపు రాయి కోసం ఎక్కడెక్కడో తిరిగి, పాతదానికి జోడు తెచ్చి పెట్టారు. ఒక కిటికీ చెక్క కాలిపోతే దాని పాత ఫోటో సంపాదించి, వడ్రంగికి చూపించి, అదే పువ్వు అదే తీగ చెక్కించారు. పోయిన కిటికీని ఇంత వెతికినవాళ్లు పోయిన మనిషిని ఒక్క పూట వెతికారా? గుమ్మం పక్కన నల్లరాతి పలక మీద అరబ్బీలో, ఇంగ్లీషులో రాసి పెట్టారు. లడాయి నాటికి ఈ భవనం ఖాళీగా ఉందట. లోపల పనివాళ్లు గానీ ఊరివాళ్లు గానీ ఎవ్వరూ లేరట.

మరి ఊరంతా ఖాళీ చేస్తుంటే మా బావను మోటారు దగ్గర కాపలా ఉండమన్నది ఎవరు? ఆయన పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉండె? నేను ఈ దేశం వచ్చిన కొత్తలో బావ కంపెనీకి పోయి అడిగితే, వాళ్ల మందూబ్ (సర్కారు ఆఫీసుల్లో కంపెనీ పనులు చేసేవాడు) తల కూడా ఎత్తకుండా "భూమేష్? హారిబ్" అన్నాడు. పనిలోంచి పారిపోయినవాడని. ఇక్కడ ఆ మాట పడ్డవాడికి దొంగకున్న మర్యాద కూడా ఉండదు. ఆ ఒక్క మాట పట్టుకుని మన ఊరంతా ఇన్నేళ్లు నీ మీద ఎలా పడిందో నాకు తెలుసు.

ఒక సంగతి అడుగుతాను, ఎందుకని అడగకు. బావ తీసుకుపోయిన గొంగడికి ఒక మూల బీడీ నిప్పు పడి కాలింది కదా, నువ్వే కదా కుట్టింది? ఏ దారంతో కుట్టావు, ఎలా కుట్టావు? వెంటనే రాయి.

నీ తమ్ముడు
నాగేందర్


చింతలపేట, మెట్‌పల్లి తాలూకా
నవంబర్ 1997

తమ్ముడు నాగేందర్‌ను అక్క దీవించి రాస్తున్నది.

ఎందుకని అడగవద్దంటున్నావు. నీ బావ జాడ తప్పినప్పటి నుంచి నన్ను ఎవరూ ఏదీ అడగనియ్యలేదు. ఇప్పుడు నువ్వు కూడానా? నీ దగ్గర ఏదో ఉంది, దాస్తున్నావు. చిన్నప్పుడు బెల్లం దొంగిలించి మూతి తుడుచుకుని వచ్చేవాడివి, ఇప్పుడు ఉత్తరంలో కూడా అదే మూతి కనబడుతున్నది.

సరే, చెబుతాను. ఎర్ర దారంతో కుట్టాను. నా రవికె అంచు విప్పి తీసిన దారం. నల్ల దారం లేక కాదు. విమానం ఎక్కేదాకా పడుకునే బొంబాయి లాడ్జిలో మన దిక్కు మనుషులందరి గొంగళ్లూ ఒక్క రంగే, తనది తనకు తెలియాలి కదా అని. కాలిన చోట మూడు వేళ్ల మాదిరిగా పోట్లు వేశాను, వెనక ఒక పొడుగు పోటు. అది చూసి నీ బావ "ఏందే ఇది, నా గొంగడి మీద కోడి నడిసి పోయినట్టున్నది" అని నవ్వాడు. అత్తమ్మ మాత్రం కోపం చేసింది. నువ్వు వడికిన ఉన్ని, మీ మామ నేసిన గొంగడి, దానికి ఎర్ర కుట్టేందని. నీ బావ ఆ కుట్టు పైకి కనబడేటట్టు భుజాన వేసుకునే బస్సెక్కాడు.

ఇక్కడి సంగతి నీకు రాయొద్దనుకున్నాను, కానీ నా కడుపు కూడా ఉడుకుతున్నది. పోయిన నెల అంజన్న మామ మనవరాలి పెళ్లి అయింది. కులపెద్ద ఇల్లు, పోకుంటే తప్పు. పోయాను. ముత్తైదువులకు పసుపు, బొట్టు ఇస్తూ వచ్చిన పళ్లెం నా దగ్గర ఆగింది, ఆగి పక్కకు పోయింది. అంజన్న మామే అందరూ వినేటట్టు అన్నాడు. "దానికియ్యాల్నా వద్దా ఎట్ల తెలుస్తది? మొగడు సచ్చినోని పెండ్లాం కాదు, ఉన్నోని పెండ్లాం కాదు. పారిపోయినోని పెండ్లాం."

నవ్వారు. తిండి తినకుండా వచ్చాను. ఇంటికి వస్తే అత్తమ్మ ఇంకో పాట. "నా కొడుకు యాడనో ఇంకో సంసారం పెట్టుకున్నడంటే నీ నోటికి జడిసే" అన్నది. లస్మవ్వ అంటే ఊరికి భయం, నాకు అలవాటు. వండి పెట్టాను, తిన్నది, మళ్లీ తిట్టింది.

నాకు కావలసింది ఒక్కటే. ఉన్నాడా, లేడా. ఉంటే వచ్చి నా ముందు నిలబడమను, నేను అడగవలసినవి అడుగుతాను. లేకుంటే మనిషికి చేసినట్టు ఆయనకు దినాలు చేస్తాను. ఈ నడుమ బతుకు నాకు వద్దు. నీకు తెలిసింది ఏదైనా సరే రాయి, నేను గట్టిదాన్నే.

అక్క
స్వర్ణ


అల్ అజీజియా, అల్ ఖోబర్
డిసెంబర్ 1997

అక్కా,

కూర్చుని చదువు. లస్మవ్వ అత్త ఇంట్లో ఉంటే పక్కకు పిలుచుకో.

బావ లేడు. లడాయి నాడే చనిపోయాడు, ఆ బలదియాలోనే. పారిపోలేదు. కోడికాలు కుట్టు అని నీ ఉత్తరంలో చదివిన దగ్గర ఆగి, ఆ పంక్తినే మళ్లీ మళ్లీ చదువుకున్నాను. అప్పటిదాకా, నా కళ్లు నన్ను మోసం చేశాయేమో, అలాంటి గొంగడి ఇంకోటి ఉందేమో అనుకున్నాను. నీకు అబద్ధపు కబురు చెప్పగూడదని ముందు నిన్నే అడిగాను.

ఆ బిల్డింగులో కింద ఒక గది ఉంది, లడాయి సామాను పెట్టారు. గుండ్ల పెంకులు, విరిగిన రేడియో, ఇనప టోపీ. తిండి వేళకు పని ఆపి నేను కూడా చూడవచ్చినవాడిలాగా తిరుగుతున్నాను. ఒక అద్దాల పెట్టెలో నల్లటి గొంగడి మడిచి పెట్టి ఉంది, మూల మీద ఎర్రటి కుట్టు. కింద చీటీ ఇంగ్లీషులో ఉంటే రెండుసార్లు చదువుకున్నాను. "శత్రు సైనికుడి దుప్పటి. ఒంటె వెంట్రుకలతో నేసినది. ఎర్ర గుర్తు అతని దళం చిహ్నం కావచ్చు."

నువ్వు రవికె దారంతో కుట్టిన కోడికాలు వాళ్లకు దళం చిహ్నమైంది. మన గొర్ల ఉన్ని ఒంటె వెంట్రుక అయింది. మా బావ శత్రువయ్యాడు. నవ్వాలో ఏడ్వాలో తెలియక అక్కడే నిలబడితే, చూడవచ్చిన ఒక పెద్దమనిషి ముందుకు వచ్చి, కాలి చెప్పు తీసి దాని అడుగు ఆ అద్దానికి ఆనించి పోయాడు. ఇక్కడ అంతకంటే పెద్ద అవమానం లేదు. నా చేతిలో పానా ఉండె. ఆ రోజు నేను ఏమీ చేయకుండా ఎలా ఊరుకున్నానో నాకే తెలియదు.

పనిలో ఇస్మత్ అని పాకిస్తాన్ మేస్త్రీ ఉన్నాడు, పెషావర్ దిక్కువాడు. ఆ బిల్డింగు మట్టి ఎత్తిన నాటి నుంచి సున్నం వేసేదాకా ఉన్నది ఆయనే. మెల్లగా అడిగాను. లడాయి అయిపోయాక మెట్ల మీది రాళ్లు తీస్తుంటే కింద ఒక మనిషి ఉన్నాడట, మీద ఈ గొంగడి, తల దాకా కప్పుకుని. లడాయి జనవరి చలిలో జరిగింది కదా, ఒంటి మీద లుంగీ, స్వెటరు. వర్దీ లేదు, తుపాకీ లేదు. మిద్దె మీది గది నుంచి కిందికి దిగుతుంటే మెట్లు కూలి ఉంటాయి అన్నాడు. వచ్చిన సిపాయిలు వర్దీ విప్పేసి దాక్కున్న సైనికుడే అనుకుని, మిగతా శత్రువుల పీనుగులతో పాటు ఊరి బయట ఇసుకలో పూడ్చారు. "హమ్ బోలే యే ఫౌజీ నహీ హై, కోయీ మజ్దూర్ హై. కౌన్ సున్తా?" అన్నాడు ఇస్మత్. ఎవడో కూలోడు, సైనికుడు కాడని చెప్పారట. కూలోడి మాట ఎవడు వింటాడు? అంటూ ఆయనే కళ్లు తుడుచుకున్నాడు. నాకు అప్పుడు ఏడుపు రాలేదు, గదికి వచ్చాక వచ్చింది.

బతికినన్నాళ్లూ మోటారు దగ్గర కూలి. చచ్చాక ఒక ఆఫీసులో పారిపోయినవాడు, ఇంకో ఆఫీసులో శత్రువు. ఒక్క మనిషికి ఎన్ని అబద్ధాలు కప్పారో చూడు.

నేను దీన్ని వదలను. నా గదిలో ఉండే నెల్లూరు చెంచయ్య "వద్దబ్బాయా. గల్ఫులో ఉండి న్యాయం అడగడమంటే గొంగట్లో తింటా వెంట్రుకలు ఏరినట్టే" అంటున్నాడు. ఏరుతాను. ఈ గొంగడి మాది, వెంట్రుకలూ మావే అని చెప్పాను.

అక్కా, నిన్ను పట్టుకుని ఏడ్వడానికి కూడా నేను అక్కడ లేను. లీవు ఇవ్వరు. ఏం చేయమంటావో రాయి.

నాగేందర్


చింతలపేట
డిసెంబర్ 1997

నాగేందర్,

ఏడ్చాను. దాని గురించి ఇంకేమీ రాయను.

నీ ఉత్తరం అత్తమ్మకు చదివి వినిపించాను. నన్నే తిడుతుంది అనుకున్నాను, నేనూ తిట్టడానికి తయారుగానే ఉన్నాను. ఆమె గొంగడి సంగతి ఒక్కటే మళ్లీ చదవమన్నది. తర్వాత అన్న మాట ఇది. "ఎముకలు కొరికే చలిల ఏ కురుమోడన్న గొంగడి ఇడిసిపెట్టి పోతడానె? గొర్లకాడికి పోయేటోడే భుజాన ఏసుకపోతడు. పారిపోయేటోడు ఇడుస్తడా? నా కొడుకు పారిపోలే."

ఆమెకు ఎవరూ సాక్ష్యం చెప్పలేదు. మేస్త్రీ మాట కూడా ఆమె సరిగా వినలేదు. గొంగడి అక్కడ ఉంటే మనిషి అక్కడే ఉన్నాడు, అంతే. నాకూ అంతే. అంత తిట్టిన మనిషి నా తల తన ఒడిలోకి లాక్కున్నది. నేను పోనిచ్చాను, కానీ నాకు కోపం తగ్గలేదు తమ్ముడూ. ఆమె మీద తగ్గింది, మిగతావాళ్ల మీద లేదు.

దినాలు చేస్తామని అంజన్న మామకు కబురు పెట్టాం. కులపెద్ద రాకుంటే ఎవరూ రారు, ఎవరూ తినకుంటే అది దినం కాదు. ఆయన ఏమన్నాడో చూడు. "చెద్దరు దొరికితే మనిషి సచ్చినట్టేనా? సర్కారు కాయితం తెమ్మను." ఇన్నేళ్లూ పారిపోయాడని అనడానికి ఆయనకు ఏ కాయితమూ అవసరం రాలేదు. చచ్చాడని చెప్పడానికి మాకు కాయితం కావాలట.

నువ్వు వాళ్ల దగ్గరికి పో. పైసలు అడగకు, ఒక్క రియాలు కూడా వద్దు. రెండు మాటలు తీసెయ్యమను. కంపెనీలో హారిబ్ అనే మాట, అద్దం కింద శత్రువు అనే మాట. గొంగడి ఇస్తే తీసుకురా. నా చేతుల మీద వడికిన ఉన్ని అది. ఆయన పేరు భూమేష్ అని వాళ్లకు గట్టిగా చెప్పు.

స్వర్ణ


అల్ అజీజియా, అల్ ఖోబర్
జనవరి 1998

అక్కా,

పోయాను. ముందు కంపెనీకి పోయాను. అదే మందూబ్, ఇప్పుడు గడ్డం నెరిసింది. కంప్యూటరు పెట్టారు కానీ మాట మారలేదు, హారిబ్. "ఎప్పుడు పారిపోయాడు?" అంటే తేదీ చెప్పాడు. లడాయి మిల్హాకు రావడానికి నాలుగు వారాల ముందటి తేదీ. ఎందుకో తెలుసా? లడాయి నాడు బావ అక్కడ ఉన్నాడని ఒప్పుకుంటే, ఊరంతా పోతుంటే అతన్ని ఎవరు ఆపారని ఎవరైనా అడుగుతారు. అందుకని ముందే పారిపోయినట్టు రాసుకున్నారు. నేను గొంతు పెంచితే వాడు నా ఇకామా చూపించమన్నాడు. ఇక్కడ బతకనిచ్చే కార్డు అది, తీసుకుని తిప్పి తిప్పి చూసి, "మీ కఫీల్‌కు ఫోన్ చేయాలా?" అన్నాడు. కఫీల్ అంటే నన్ను ఈ దేశానికి రప్పించిన యజమాని, ఒక్క మాటతో వెనక్కి పంపేయగలడు. నోరు మూసుకుని బయటికి వచ్చాను. వచ్చినందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

తర్వాత ఒక రోజు పని ఎగ్గొట్టి ఇస్మత్‌ను వెంటబెట్టుకుని మిల్హా బిల్డింగుకు పోయాను. అక్కడి ముదీర్, అంటే పెద్ద ఆఫీసరు, మర్యాదస్తుడు. ఖర్జూరాలు పెట్టాడు, గహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోశాడు. ఇస్మత్ చెప్పింది విన్నాడు. కోడికాలు సంగతి చెబితే చిన్నగా నవ్వాడు, వెంటనే "అల్లాహ్ యర్‌హమూ" అన్నాడు, దేవుడు అతన్ని కరుణించుగాక అని. ఇలాంటివాడైనా న్యాయం చేస్తాడని ఆశపడ్డాను చూడు, నాదే తెలివితక్కువతనం.

ఆయన కంపెనీకి ఫోన్ చేసి మాట్లాడి, ఒక కాగితం టైపు చేయించి తెచ్చాడు. గొంగడి నాకు ఇచ్చేస్తాడట. నేను సంతకం పెట్టాలి. అందులో ఏముందంటే, ఈ దుప్పటి భూమేష్ అనే హారిబ్‌ది, లడాయికి ముందు అతను పారిపోతూ దీన్ని ఇక్కడ వదిలి పోయాడు, బంధువుగా నేను తీసుకుంటున్నాను. శత్రువు అనే చీటీ అప్పుడు ఎలాగూ పోతుందట. "రెండు మాటల్లో ఒకటి తీసేస్తున్నా కదా" అన్నాడు ఇంగ్లీషులో, నాకేదో మేలు చేస్తున్నట్టు. మరి పలక మీద భవనం ఖాళీగా ఉందని రాశారు కదా, దాన్నేం చేస్తారు అంటే, రాయి మీద చెక్కింది మార్చడం కష్టం అన్నాడు. కూలిన బిల్డింగును నిలబెట్టినవాళ్లకు ఒక పలక మార్చడం కష్టమట.

పెన్ను నా చేతిలో పెట్టాడు. గొంగడి బల్ల మీదే ఉంది. అద్దం లేకుండా చూశాను అక్కా, ముట్టుకున్నాను. కుట్టు గట్టిగానే ఉంది.

సంతకం పెట్టలేదు. నిన్ను అడిగి చెబుతానన్నాను. నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. చెంచయ్య కూడా "కాయితం మీద ఏముంటే ఏం, వస్తువు ఇంటికి చేరుద్ది కదా, ఆయమ్మకు అదే ఓదార్పు" అంటున్నాడు. అంజన్న మామ సర్కారు కాయితం అడిగాడు, ముద్ర వేసిన కాయితమే ఇది. కానీ ఇది తెస్తే బావ పారిపోయాడని మనమే సాక్ష్యం చెప్పినట్టు. నాకు మాత్రం ఆ ముదీర్ బల్ల తన్ని రావాలని ఉండె.

నువ్వు ఏది అంటే అది చేస్తాను. గొంగడి నీది.

నాగేందర్


చింతలపేట
ఫిబ్రవరి 1998

తమ్ముడూ,

సంతకం పెట్టకు. ఈ ఉత్తరం చేరేసరికి వాళ్ల గడువు దాటిపోతుందేమో, దాటనీ. పెట్టకుండా వచ్చి మంచి పని చేశావు. సిగ్గుపడవలసింది నువ్వు కాదు.

నాకు ఆ గొంగడి ఎంత కావాలో నీకు తెలియదు. దాన్ని కప్పుకుని ఒక్క పూట పడుకుంటే చాలు అనిపించింది. అయినా వద్దు. ఆయన పారిపోయాడని సొంత బామ్మర్దే రాసిచ్చి తెచ్చిన గొంగడిని నేను ఏ మొహంతో కప్పుకుంటాను? అక్కడే ఉండనీ. చివరిదాకా ఆయన మీద ఉన్నది అదే. కానీ ఆ చీటీ సంగతి మాత్రం వదలకు. ఆ ఊరికి పని పడ్డప్పుడల్లా పో, పోయినప్పుడల్లా అడుగు. మన దిక్కువాళ్లు ఎవరు కనబడ్డా తీసుకుపోయి చూపించు. ఇది మా బావది, పేరు భూమేష్ అని చెప్పు. ఆ ముదీర్ ఖర్జూరాలు మాత్రం తినకు.

ఇక్కడ దినాలు అయిపోయాయి.

ఎట్లా అని అడుగుతావు. నీ ఉత్తరం వచ్చిన తెల్లారే అత్తమ్మ మామ గొంగడి భుజాన వేసుకుని అంజన్న మామ వాకిట్లోకి పోయి కూర్చున్నది. వెనక నేను. పొద్దున చలికి కులపోళ్లందరూ అక్కడే మంట కాగుతున్నారు. ఆయన "కాయితం వచ్చిందా లస్మవ్వా?" అని అడిగాడు. వచ్చింది అన్నాను నేను. అందులో ఏం రాయమన్నారో, ఎందుకు రాయలేదో అందరికీ చెప్పాను. ఇన్నేళ్ల కోపం ఒక్కసారి బయటికి వచ్చింది.

ఆయన మీసం దువ్వుకుంటూ "మరి అండ్లనే ఉన్నది గదా, ఇడిసిపెట్టి పారిపోయిండని" అన్నాడు. అప్పుడు అత్తమ్మ లేచింది. "అంజన్నా, నీ మీది గొంగడి తీసి ఇక్కడ పెట్టు. పెట్టి, పొలిమేర దాక పోయి రా. నువ్వు గొంగడి ఇడిసి ఊరు దాటినవంటే నా కొడుకు గూడ దాటిండని నేనే ఊరంత చాటుత."

అంజన్న మామ గొంగడి రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నాడు. చూస్తున్నవాళ్లందరూ ఎవరి భుజం వాళ్లు తడుముకున్నారు. మంట దగ్గర కూర్చుని కూడా ఒక్కడి మీద గొంగడి లేకుండా లేదు. ముసలి మల్లయ్య తాత మాత్రం "ఇడుస్తడా? ఎట్లిడుస్తడు" అని తనలో తనే అనుకున్నాడు. అది చాలింది. అంజన్న మామ పంచాంగం తెప్పించి రోజు చెప్పాడు.

ఆయనకు బదులు పిడికెడు నల్ల ఉన్ని పెట్టి మట్టి ఇచ్చాం. గాజులు నేనే తీసి పక్కన పెట్టాను, ఎవరినీ పగలగొట్టనియ్యలేదు. పెద్ద దినం నాడు కులమంతా వచ్చింది. పెళ్లిలో పళ్లెం పక్కకు తిప్పిన ఆడవాళ్లు వచ్చారు, ఆ రోజు నవ్వినవాళ్లూ వచ్చారు. విస్తరి ముందు ఎవరు కూర్చోవాలో నేనే చెప్పాను. అంజన్న మామను మొదట కూర్చోబెట్టాను. చనిపోయినవాడి అన్నం తిన్న నోటితో వాడు పారిపోయాడని ఇక ఎవరూ అనలేరు. ఆయనకు అది తెలుసు, నాకూ తెలుసు. అన్నం వడ్డించి ఎదురుగా నిలబడ్డాను. ముద్ద కలిపి కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. నేను కదలలేదు. తిన్నాడు.

చెయ్యి కడుక్కుని, నా మొహం చూడకుండా అత్తమ్మతో ఒక మాట అన్నాడు. "భూమేష్ మంచోడుండె."

ఉండె అన్నాడు తమ్ముడూ. యాడనో ఉన్నడు అనలేదు.

అక్క
స్వర్ణ